నల్లరాళ్ల గట్టు ఎవరి వాటా?

మా నాయిన పోయాక భూమి పంచుకున్న రోజు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. పెద్దమనుషులు వేపచెట్టు కింద మంచాల మీద కూర్చున్నారు. మా అన్న వాళ్లకెదురుగా నిలబడ్డాడు. నాకు కుర్చీ వేయలేదు. వదిన గడప దగ్గర చేటలో బియ్యం చెరుగుతోంది.

మా దిక్కు భూమి పంపకానికి ఒక పద్ధతుంది. పెద్దవాడు పాలు పెడతాడు, అంటే వాటాలు వేస్తాడు, చిన్నవాళ్లు ఎంచుకుంటారు, చివరికి మిగిలింది పెట్టినవాడిది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఏ కోర్టూ కనిపెట్టలేదు. తనకు మిగిలేదేదో తనకే తెలియనివాడు పాలు సమానంగానే పెడతాడు. మా అన్న పాలు పెట్టాడు. ఎంచుకోవాల్సింది నేను. నేను గొంతు సవరించుకునేలోపే అతను పెద్దమనుషుల వైపు తిరిగాడు.

"చెల్లె సిద్దిపేటల నౌకరి జేసుకుంటది. గామెకు ఎవుసమేడిది? జాలు గామెకు రాయున్రి."

మంచం మీదున్న ఒక పెద్దాయన చుట్ట తీసి, "కప్పలను కౌలుకిచ్చుకో బిడ్డా, మంచిగ పాడుతయి" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన చేట ఆపి మరీ నవ్వింది. ఎంచుకునే హక్కు నాదని నేను అన్నాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు. వినపడనట్టు కూర్చోవడం పెద్దమనుషులకు బాగా వచ్చు.

మా ఊరు బెజ్జంకి వైపు. పొలం పడమట ఎత్తుగా మొదలై తూర్పున రోడ్డు దాకా వాలుగా దిగుతుంది. పైన వరిమడులు, వాటి మధ్యలో మా నాయిన తవ్వించిన బావి. వాటి కింద జాలు. జాలు కిందుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి ఎవరో దారం పట్టి పేర్చినట్టు నల్లరాళ్ల గట్టు. గట్టు దాటితే రోడ్డు దాకా ఎర్రటి చెల్క, వానకు తప్ప పండని నేల. పై మడులు, బావి, గట్టు, చెల్క అన్నీ అన్నవి. మధ్యలో జాలు నాది.

జాలు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది చెరువు కాదు, కుంట కాదు. ఎక్కడి నుంచీ వాగు వచ్చి చేరదు. భూమే తడిని బయటికి వదులుతుంది. మండుటెండల్లో చుట్టుపక్కల నేల పెంకులా మారినా అక్కడ కాలు పెడితే మడమ దాకా దిగుతుంది. తుంగ, జమ్ము, ఒడ్డున ఈతచెట్లు. నీటికోళ్లు, కొంగలు, చెవులు పగిలేలా అరిచే తీతువులు. నాగలి దిగదు, ట్రాక్టరు దిగితే పైకి రాదు. ఊళ్లో ఎవరి ఎద్దు కనిపించకపోయినా ముందు నా జాలులోనే వెతికేవారు. దొరికితే, నీ జాలు మా ఎద్దును మింగింది అని నన్నే తిట్టేవారు. దాన్ని నేనేదో పెంచుకుంటున్నట్టు.

నేను సిద్దిపేటలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేశాను. పురుగుపట్టిన పప్పు వస్తే బస్తాలతో సహా వెనక్కి పంపేదాన్ని. సరఫరా చేసేవాళ్లకు నేనంటే పడేది కాదు, పై అధికారులకూ పడేది కాదు, పిల్లలకు మాత్రం పప్పులో పురుగులు వచ్చేవి కావు. అర్జీ పెట్టడం నాకు అక్కడే అలవాటైంది. ఒకసారి పెడితే పారేస్తారు. రెండోసారి పెడితే నవ్వుతారు. ఆగకుండా పెడుతుంటే మనం వస్తున్నామని చూసి లేచి పక్కగదిలోకి పోతారు. అప్పుడు అర్థం చేసుకోవాలి, పని కదులుతోందని.

జాలు నా పేరున వచ్చిన కొత్తలో దాన్ని పనికిరాని భూమిగా రాశారు. పనికిరానిదని ఎవరు తేల్చారని అడిగితే కొలతలకు వచ్చినాయన నా చెప్పుల వైపు చూశాడు. చెప్పులకు బురద ఉంది. ఆయన చెప్పులకు లేదు. అంటే దిగి చూడలేదు. గట్టు మీద నుంచే తేల్చేశాడు. కల్లుగీసే కుటుంబమొకటి నా ఈతచెట్లు గీసుకునేది. ఆ ఇంటామె ఏటా వేసవిలో నాకు ఈతపండ్లు, ఈతాకు చీపుర్లు తెచ్చి ఇచ్చేది. ఆ భూమి నాకేదో ఇస్తోందని ఒప్పుకున్న మనిషి ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే.

ఈలోగా మా అన్నకు గట్టు కింది చెల్కలో బోరు వేయాలని పుట్టింది. రోడ్డు పక్క భూమి కదా, పచ్చగా కనపడాలి. కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో కాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చెల్కంతా నడిచాడు. నీళ్లున్న చోట కాయ దానంతటదే నిలబడుతుందట. నడిచి నడిచి ఒకచోట కాయ నిలబడింది. వదిన అక్కడ పసుపు చల్లింది. బోరు బండి వచ్చింది. ముందు ఎర్రటి దుమ్ము, తర్వాత తెల్లటి దుమ్ము లేచింది. దుమ్ము తప్ప ఇంకేమీ రాలేదు. పక్కకు జరిగి మళ్లీ వేశారు. మళ్లీ దుమ్మే. చెల్కలో నీళ్లు పడని బోర్లకు మూతలుగా పెట్టిన రాళ్లు సమాధుల్లా వరుసగా కనపడేవి.

గట్టుకు ఇవతల భూమి నీళ్లు కక్కుతోంది. అవతల ఎంత లోతుకు పోయినా చుక్క లేదు. మధ్యలో ఉన్నది పదడుగులు వేస్తే దాటే రాళ్లవరుస. ఇదేమిటని ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నాకు వచ్చింది. అడిగితే అన్న, "నీ అదృష్టం చెల్లే, నీళ్లు నీకే మరిగినయి" అని వెటకారం చేశాడు.

తర్వాత కాలువలు వచ్చాయి. మా చెరువు ఎండాకాలంలో కూడా నిండటం మొదలుపెట్టింది. మంచిదే, కాదనను. కానీ ఒక ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు నా జాలు చూసి, ఇది కాలువ లీకేజీ అని ఒక్క మాటలో తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. కాలువ నిన్న మొన్నటిది. మా అవ్వ పెళ్లయి వచ్చినప్పుడే ఆ జాలులో గేదె దిగబడితే ఊరంతా కలిసి లాగారట. పైగా చెరువు మా పొలాలకంటే పల్లంలో ఉంది. పల్లంలో నీళ్లు మెట్టకెక్కి నా జాలులో ఎట్లా ఊరుతాయి? ఈ మాటే రాసి, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రతి సోమవారం పోయి ఇచ్చాను. బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా నన్ను చూడగానే, "జాలు మేడం వచ్చింది" అనేవాడు, నాకు వినపడేలాగే. నేనూ అతని ముఖం గుర్తుపెట్టుకున్నాను.

చివరికి విసిగిపోయి భూగర్భజలాలు చూసే ఒక జియాలజిస్టును పంపారు. చిన్నపిల్ల, వరంగల్ వైపు అమ్మాయి. జీపు దిగగానే ప్యాంటు మడిచి, బూట్లు విప్పి జాలులోకి దిగింది. నా భూమిలోకి వట్టికాళ్లతో దిగిన మొదటి ప్రభుత్వోద్యోగి ఆమె.

నేలలో ఇనుపమేకులు నాలుగు దిగగొట్టి, వాటికి తీగలు కట్టి, ఒక పెట్టెలో నుంచి కరెంటు పంపింది. తడిసిన మట్టి కరెంటును పోనిస్తుందని, గట్టిబండ పోనివ్వదని, ఆ తేడాను బట్టి కిందేముందో తెలుస్తుందని చెప్పింది. పైమడుల నుంచి గట్టు దాకా, గట్టు దాటి చెల్క దాకా మేకులు మారుస్తూ పోయింది. మధ్యాహ్నానికి మేమిద్దరం ఈతచెట్ల నీడలో కూర్చున్నాం. నేను తెచ్చిన సద్ది తింటూ ఆమె నాకు చెప్పిన కథను నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను.

మా జిల్లా కింద ఉన్నదంతా ఒకే ఎర్రబండ. రెండొందల యాభై కోట్ల ఏళ్లకు అటూ ఇటూ, భూమి లోపల ఎంతో లోతులో కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. అప్పుడు దాని మీద కొండలంత మందాన ఇంకా రాయి ఉండేది. వాన, గాలి, ఎండ కలిసి ఆ పైభారాన్ని కొద్దికొద్దిగా అరగదీసి సముద్రానికి మోశాయి. బరువు తగ్గేకొద్దీ కింది బండ ఉబ్బి పగుళ్లిచ్చింది. ఆ కాలంలో ఎప్పుడో ఒక నిలువు పగులులోకి లోపలి నుంచి మరో రకం కరిగిన రాయి పైకి తన్నుకొచ్చింది. అది నలుపు. వచ్చింది వచ్చినట్టే పగులులోనే గడ్డకట్టి గోడలా నిలబడిపోయింది. మనం గట్టు అంటున్నది ఆ గోడకు పైఅంచు మాత్రమే. మిగతా గోడంతా భూమిలో ఉంది.

ఇక నీళ్ల సంగతి. ఎర్రబండ మీద వాన పడి, ఎండ కాచి, లక్షల ఏళ్లు గడిచేసరికి పైభాగం కుళ్లి మొరం అయింది. ఇళ్ల పునాదుల్లో పోస్తామే, ఆ మొరమే. మొరం గుడ్డలాంటిది, నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. దాని కింద పగుళ్ల బండ, ఆ కింద ఏ పగులూ లేని బండ. మన ప్రాంతంలో భూగర్భజలం అంటే భూమి కింద నదులు, సముద్రాలు కాదు, ఈ తడిగుడ్డే. గట్టిగా పిండితే అయిపోతుంది. పడమటి మెట్ట మీద పడిన వాన మొరంలోకి దిగి, కనపడకుండా వాలు వెంట తూర్పుకు నడుస్తుంది. నడిచి నడిచి నల్లగోడకు తగులుతుంది. ఎర్రబండ కుళ్లినట్టు ఆ గోడ కుళ్లలేదు. నీళ్లు దాటలేవు. వెనక నుంచి ఇంకా వస్తూనే ఉంటాయి. ఎటూ పోలేక పైకి లేస్తాయి. ఆ లేచిన చోటే నా జాలు. వేల ఏళ్లుగా వానలు కడిగి తెచ్చిన సన్నమట్టి, కుళ్లిన తుంగ అందులో పేరుకుని నల్లటి జిగటమట్టి అయింది.

"ఇది మీ నాయిన కాలంది కాదు మేడం, మీ ఊరు పుట్టకముందుది. ఊరే దీన్ని చూసి వచ్చి ఉంటది" అంది ఆ అమ్మాయి.

గట్టు అవతల బోర్లు ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది. అవతలి మొరానికి గోడ నీడ పడింది, అంతే. నీళ్లు రావడానికి దారి లేదు. కొబ్బరికాయ నిలబడినా పడుకున్నా లేదు.

ఆ రోజు నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. బళ్లో నాకు ఎక్కడెక్కడి అగ్నిపర్వతాలో చెప్పారు, పటంలో వేలు పెట్టి చూపించమన్నారు. మా పొలంలో నేను మేకలు కాసిన రాళ్లు నేలలోంచి కరిగి వచ్చినవని ఒక్క పంతులు చెప్పలేదు. భూమి కొలిచినవాళ్లు, శిస్తు తీసుకున్నవాళ్లు, పాలు పెట్టినవాళ్లు, బోర్లు వేసినవాళ్లు అందరూ ఆ గోడ మీద నుంచే నడిచారు. కొందరు దాని మీద కూర్చుని బీడీలు తాగారు.

ఆ అమ్మాయి పోతూ ఒక మాట చెప్పింది. గట్టు జాగ్రత్త, దాన్ని కోస్తే పైనున్న నీళ్లన్నీ జారిపోతాయి అని. గట్టు నాది కాదని నేను చెప్పాను. అప్పటిదాకా నాకు తట్టలేదు. నీళ్లు నా వాటాలో ఉన్నాయి. వాటిని నిలబెట్టే గోడ మా అన్న వాటాలో ఉంది.

అన్న కొడుకు హైదరాబాద్‌లో కొన్నాళ్లు తిరిగి వచ్చి సిద్దిపేటలో ప్లాట్ల వ్యాపారం పెట్టాడు. నాకు మేనల్లుడు. మాట తేనె. గట్టు కింది చెల్కను ప్లాట్లు చేస్తానని, పైన నా జాలు కూడా కలిస్తే వెంచర్ పెద్దదవుతుందని మా ఇంటికొచ్చాడు. మిఠాయి డబ్బా తెచ్చాడు.

"అత్తా, నువ్వు గా బురదను బట్టుకొని ఎన్ని దినాలుంటవ్? పార్కు జేస్త, నీ పేరే పెడ్త."

"నేనింకా సావలేదురా, పేరు పెట్టనీకి" అన్నాను. అమ్మనని చెప్పాను. డబ్బా వాడి చేతికే ఇచ్చి పంపాను.

తర్వాత తెలిసింది వాడి ఆలోచన. ప్లాట్ల పక్కన జాలుంటే దోమలని ఎవరూ కొనరు. అందుకని గట్టును ఒకచోట పగలగొట్టి, జాలు నీళ్లను రోడ్డు పక్క మోరీ కాలువలోకి వదిలేస్తే నా భూమి ఎండుతుంది, పై మడుల నుంచి రోడ్డుకు దారి కూడా వస్తుంది, ఎండిన భూమిని నేను ఎలాగూ అమ్ముతాను. గట్టు వాళ్లది. వాళ్ల రాళ్లు వాళ్లు కోసుకుంటే అడిగేదెవరు?

నేను ఊరికి పోయి అన్నతో మాట్లాడాను. ఎండాకాలపు యాసంగి వరి అప్పుడే పొట్టకొస్తోంది. అతను బావి దగ్గర మోటారు వేసి కూర్చున్నాడు. జియాలజిస్టు చెప్పినదంతా పుల్లతో నేల మీద గీసి చూపించాను. ఇది నీ మెట్ట, ఇది నా జాలు, ఇది గోడ, నీ బావి కూడా ఈ గోడకే ఆనుకుని బతుకుతోంది, గోడ పోతే ముందు నా జాలు పోతుంది, వెనకే నీ బావి పోతుంది అన్నాను.

అతను గీతల వైపు చూడనైనా లేదు.

"నా బావికి నీ జాలుకు ఏం సమ్మందమే? బావి నాయిన తవ్విచ్చిండు."

"నాయిన తవ్విచ్చిండు, నీళ్లు నాయిన పొయ్యలేదు."

"నీ భూమి ఎండుతదని నీ బాధ. గది జెప్పు. నా బావిని ఎందుకు గుంజుతవ్?"

వదిన గడ్డిమోపు దించి, "ఆడివిల్లకు భూమి ఇచ్చుడే ఎక్కువ, ఇంక రాళ్లకు గూడ కావలి కూసుంటదట" అంది, నాతో కాదు, గేదెతో.

నేను మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒకచోట గట్టు పట్టాభూమిలో ఉంది కాబట్టి తమకు సంబంధం లేదన్నారు. ఇంకోచోట చెరువైతే ఆపుతాం, కుంటైతే ఆపుతాం, మీది చెరువూ కాదు కుంటా కాదు అన్నారు. నీళ్లు ఊరితే లీకేజీ, నిలిస్తే బురద. దానికో పేరు లేకపోవడం నా తప్పయింది.

రాళ్లు పగలగొట్టే బ్రేకర్ బండి వచ్చిందని కల్లుగీసేవాళ్ల ఇంటామె ఫోను చేస్తే మొదటి బస్సుకు పోయి గట్టు మీద కూర్చున్నాను. గొడుగు, నీళ్ల సీసా తీసుకుపోయాను. బండి నడిపే అతను మంచివాడే, ఇంజను ఆపి కూర్చున్నాడు. మేనల్లుడు వచ్చి నన్ను లేపడానికి చూశాడు. తర్వాత అన్న వచ్చాడు. నలుగురు పోగయ్యారు. పొద్దు వంగేదాకా నేను కదలలేదు. అప్పుడు అన్న నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అన్నాడు.

"లే చెల్లే. పని బందు పెట్టిచ్చిన. నా మీద నమ్మకం లేదా?"

లేచాను. అన్న కదా. సిద్దిపేటకు వచ్చేశాను. తెల్లవారి వాళ్లు గట్టు కోశారు.

పప్పులో పురుగులు పంపినవాళ్లను కూడా నేను ఇంతగా అసహ్యించుకోలేదు. వాళ్లు నా భుజం మీద చెయ్యి వేసి పంపలేదు.

నేను పోయేసరికి గట్టులో రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత సందు ఉంది. లోతు మనిషి నిలువు పైనే. కోసిన చోట నల్లరాయి లోపల మెరుస్తోంది, అద్దంలా. ఎన్ని కోట్ల ఏళ్లకో మొదటిసారి వెలుతురు చూస్తున్న రాయి. సందులో నుంచి నా జాలు నీళ్లు ఎర్రగా, నిదానంగా మోరీలోకి పోతున్నాయి. చప్పుడు కూడా లేదు. మేనల్లుడు అంచున నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

జాలు వెంటనే ఎండలేదు. ముందు నీటికోళ్లు పోయాయి. తర్వాత కప్పల చప్పుడు పోయింది. తుంగ పసుపైంది. నల్లమట్టి మీద గీతలు పడి, గీతలు పగుళ్లయి, పగుళ్లలో చెయ్యి పట్టింది. నా భూమి మీద నేను చెప్పులతో నడిచాను, బురద అంటలేదు. కొలతలకు వచ్చినాయన చూస్తే సంతోషించేవాడు.

అదే వరసలో మా అన్న బావిలో నీళ్లు దిగుతూ వచ్చాయి. ముందు కరెంటు తక్కువొస్తోందనుకున్నాడట. తర్వాత మోటారు చెడిందని విప్పించాడట. గాలి గుంజి గుంజి మోటారు కాలిపోయాక బావిలోకి వంగి చూశాడట. అడుగున మొరం కనపడింది. వరి గింజ పాలు పోసుకునే సమయం. పక్క రైతుల బావులు రెండు కూడా అట్లాగే దిగాయి. వాళ్లు మా అన్న ఇంటిముందుకు వచ్చి ఏమన్నారో నేను రాయను. నేను అనాల్సినవన్నీ వాళ్లే అన్నారు.

అన్న సిద్దిపేటకు వచ్చాడు. ఎండలో వచ్చినందుకు ముఖం నల్లబడింది. కుర్చీ వేశాను. కూర్చోలేదు. తప్పయిందని అనలేదు. ఇప్పటికీ అనలేదు. గట్టు మూయాలి అన్నాడు.

"మూయి. నీ గట్టే గదా" అన్నాను.

"మొరంతోని మూస్తే ఆగుతలేదు. రెండుసార్లు బోసినం, కొట్కపోయింది. జిగట మట్టి గావాలె. చెరువు నిండుంది, దాంట్లకెళ్లి తీయరాదు. గీ సుట్టుపక్కల నీ జాలులనే ఉన్నది."

వేల ఏళ్లు పేరుకున్న మట్టిని తవ్వి, కోట్ల ఏళ్లు నిలిచిన గోడకు అతుకు వేయాలి. నా జాలు బతకాలంటే నా జాలునే తవ్వాలి. తవ్వనివ్వకపోతే అన్న పంట పోతుంది, ఆ పక్క రైతులవీ పోతాయి. వాళ్లు నాకేం చేశారు? ఇవ్వాల్సిందేనని నాకు తెలుసు, ఇస్తానని అన్నకూ తెలుసు. అందుకే బతిమాలలేదు. అదే నాకు మంట.

"మట్టి తీస్కో. గట్టు నాకు రాసియ్యి" అన్నాను.

"రాళ్లు తీస్కొని ఏం జేస్తవే?"

"ఏం జెయ్య. ఎవ్వర్ని ఏం జెయ్యనియ్య."

అతను కొడుకును అడగాలి అన్నాడు. వరి నీ కొడుకును అడిగి ఎండుతుందా అన్నాను. అతను తలూపాడు. ఈసారి తలూపితే సరిపోదని, ముందు నాతో ఆఫీసుకు రమ్మని చెప్పాను. వచ్చాడు. బస్సులో ముందు సీటులో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గట్టు నా పేరు మీదికి మారాకే మట్టి మీద గడ్డపార పడింది.

చెరువుకట్టలు బాగుచేసే పాతపద్ధతిలోనే చేశారు. నల్లమట్టిని నీళ్లు చల్లి పిసికి, జానెడు మందాన పరిచి, గేదెలతో తొక్కించి, అంచుల్లో దిమ్మిసలతో కొట్టి, దాని మీద మళ్లీ పొర. రాయికి మట్టి అతికే చోట చేతులతోనే కూరారు. పక్క రైతులూ వచ్చారు. అన్న చొక్కా విప్పి తొక్కాడు. మేనల్లుడు రాలేదు. మోటారుకు కొత్త తీగ చుట్టించడానికి పోయాడని చెప్పారు.

ఆ పంటలో సగం పోయింది. వానలు పడ్డాక బావిలో నీళ్లు లేచాయి, కానీ పాత గుర్తు దాకా రాలేదు. మట్టి తవ్విన చోట నా జాలులో గుంత పడింది. తుంగ మొలిచింది, జమ్ము ఇంకా రాలేదు. ఫోను చేస్తే ఆ జియాలజిస్టు అమ్మాయి, మట్టి అతుకు మట్టి అతుకే మేడం, ఏటా చూసుకోవాలె అంది. రాయి కాలం రాయిది, మట్టి కాలం మట్టిది.

ఇప్పుడు ప్రతి వానాకాలం ముందు నేనే పోతాను. అతుకు మీద కాలితో నొక్కి చూస్తాను. కిందివైపు ఒకచోట ఎప్పుడూ కొద్దిగా చెమ్మ కనపడుతుంది. మట్టి కూరి కొట్టిస్తాను. తర్వాతి ఏడాది పక్కనే ఇంకోచోట చెమ్మ వస్తుంది. కోట్ల ఏళ్లుగా ఎవరూ చూసుకోకపోయినా నిలబడ్డ దాన్ని ఒక్క పూటలో నేను చూసుకోవలసిన వస్తువుగా చేశారు. కూలీలను నేనే పిలవాలి, గేదెలను నేనే అడగాలి. ఆ నీళ్లతో పండేది మాత్రం అన్న మడులే.

పోయిన ఏడాది నేను అతుకు మీద మట్టి కొట్టిస్తుంటే వదిన బావి దగ్గర నుంచి ఎవరితోనో అంటోంది. ఆడబిడ్డకు రాళ్ల మీద కూడా ఆశ పోలేదట, అన్న దగ్గర గుంజుకుని రాయించుకుందట. మోటారు నడుస్తోంది, నీళ్లు కాలువలో పడుతున్నాయి, ఆ చప్పుడుకు నాకు వినపడదనుకుంది. నాకు వినపడింది. నేను దిమ్మిస ఆపమనలేదు.